ర్యాంపు మీద తొమ్మిది నలభై ఏడు

మే నెల పన్నెండున నర్సుల దినోత్సవమని ఆ ఆస్పత్రిలో కేకు కోస్తారు. గులాబీ రంగు క్రీము మీద తెల్ల టోపీ పెట్టుకున్న దేవత బొమ్మ ఉంటుంది. ఆ టోపీని ఇక్కడి నర్సులెవరూ పెట్టుకోగా చూసినవాళ్లు లేరు. "మీరు మా దేవతలు" అని పైఅంతస్తు నుంచి దిగివచ్చిన ఒక పెద్దమనిషి మైకులో అంటాడు. దేవతలు నిలబడి వింటారు, కుర్చీలు వేసింది పైఅంతస్తు వాళ్లకి కాబట్టి. స్ట్రెచర్లు తోసేవాళ్లకీ నేల తుడిచేవాళ్లకీ ఆ గదిలోకి పిలుపే ఉండదు. వాళ్లు ఏజెన్సీ మనుషులు. దేవతల జాబితాలో వాళ్ల పేర్లు లేవు.

లచ్చమ్మకి దాని గురించి పెద్ద బాధేమీ లేదు. "దేవతనైతె ముంగట హుండీ పెట్టాలె గద. పెట్టమను, అప్పుడు సూద్దాం" అని ఒకసారి అంది, అంతే.

లచ్చమ్మకి నలభై ఎనిమిదేళ్లు. నాగర్‌కర్నూల్ దిక్కు ఊరు. భర్త ఐలయ్య పుప్పాలగూడలో ఒక అపార్ట్‌మెంటు గేటు దగ్గర సెక్యూరిటీ గార్డు. నానక్‌రామ్‌గూడ పాత ఊళ్లో, మేడల నీడలో, ఒకటిన్నర గది కిరాయికి తీసుకుని ఉంటారు. ఆరేళ్లుగా ఆమె పని ఆస్పత్రి ఎమర్జెన్సీ బయటి ర్యాంపు మీద. అంబులెన్సులో రానీ, క్యాబులో రానీ, బైకు మీద ఇద్దరి మధ్య ఒరిగి రానీ, వచ్చిన మనిషిని దించి, స్ట్రెచర్ మీద పడుకోబెట్టి లోపలికి చేర్చాలి. ఏజెన్సీ కాగితంలో ఈ ఉద్యోగం పేరు ఇంగ్లీషులో బారెడుంటుంది. ఆస్పత్రిలో మాత్రం అందరూ ఆయమ్మ అనే అంటారు.

ఒక్క జ్యోత్స్న తప్ప. జ్యోత్స్న పగటి డ్యూటీలో సీనియర్ నర్సు, అమలాపురం అమ్మాయి. చేరిన రోజు "లచ్చమ్మగారూ, ఆ సెలైన్ స్టాండు ఇలా ఇవ్వండి" అంటే, లచ్చమ్మ వెనక్కి తిరిగి ఎవరా అని చూసింది. గారు తనకేనని నమ్మడానికి వారం పట్టింది. ఆ తర్వాత జ్యోత్స్న కొత్తగా వచ్చే నర్సులకి మొదటి పాఠంగా లచ్చమ్మ మాటే చెప్పడం మొదలుపెట్టింది: "మొత్తుకునేటోడు బతుకుతడు. మాట్లాడనోణ్ని ఉరికించుండ్రి." పుస్తకంలో ఇదే సంగతి మూడు పేజీలుంటుంది.

లచ్చమ్మకి ఒక అలవాటుంది. మనిషి స్ట్రెచర్ మీదికి చేరగానే చేతి గడియారం చూస్తుంది. జేబులోని తెల్ల టేపు రోలు నుంచి బెత్తెడు ముక్క చింపి, మార్కర్‌తో టైము రాసి, స్ట్రెచర్ కమ్మీకి అంటిస్తుంది. లోపల బెడ్డు దొరికాక స్ట్రెచర్ తుడిచేటప్పుడు ఆ టేపు పీకేస్తుంది. ఆరేళ్లలో పాత టేపు మీద కొత్త మనిషిని ఎక్కించలేదు.

ఈ అలవాటు ఆస్పత్రిలో నేర్చింది కాదు. ఇరవై ఏళ్ల కింద రాయదుర్గం వైపు మేడలు లేస్తున్నప్పుడు ఆమె అక్కడ సిమెంటు మాలు మోసింది. పొద్దున ఎనిమిదికే వచ్చినవాళ్లని మేస్త్రీ తొమ్మిదిన్నరకి వచ్చారనేవాడు. ఎవరూ ఎదురు చెప్పలేకపోయేవాళ్లు, గడియారం ఉన్నది అతనొక్కడికే కాబట్టి. లచ్చమ్మ కోఠి ఫుట్‌పాత్ మీద మగవాళ్ల గడియారమొకటి కొనుక్కుంది. రోజూ పని ఎక్కేముందు సుద్దముక్కతో స్తంభం మీద టైము రాసేది. మూడో రోజు మేస్త్రీ నోరు తెరవబోతే స్తంభం చూపించింది. నాలుగో రోజుకి మిగతా ఆడవాళ్లంతా ఆమె చేతే రాయించుకున్నారు. మేస్త్రీ ఇక లాభం లేదని ఆ స్తంభానికి ముందుగా ప్లాస్టరింగు చేయించాడు. ఇప్పుడు లిఫ్టులూ కాఫీ మిషన్లూ ఉన్న ఆ గాజు మేడల్లో ఒకదాని లోపల, సిమెంటు పూత కింద, లచ్చమ్మ రాసిన అంకెలు ఉండే ఉంటాయి.

ఆస్పత్రికి ఆమె టేపు మొదట్లో ముద్దొచ్చింది. నిరుడు ఒక విల్లాల సంఘం అధ్యక్షుడు తన తండ్రిని గంటసేపు పట్టించుకోలేదని రభస చేశాడు. అప్పుడు లచ్చమ్మ స్ట్రెచర్ కమ్మీ చూపించి, "పదమూడు నిమిషాలే సారూ. మీ ఫోన్ల గూడ సూస్కోండ్రి" అంది. ఆయన చల్లబడ్డాడు. క్వాలిటీ మేనేజర్ అవినాష్ పరుగున వచ్చి టేపుని ఫోటో తీసుకున్నాడు. ఏదో మీటింగులో తెర మీద వేసి 'క్షేత్రస్థాయి చొరవ' అన్నాడట.

తర్వాత బోర్డు వచ్చింది. ఎమర్జెన్సీ తలుపు పక్కన నీలి రంగు వెలుతురు బోర్డు: 'ఛాతి నొప్పితో వచ్చినవారికి పది నిమిషాల్లో ఈసీజీ. ఈ నెల మా సగటు: ఆరు నిమిషాలు.' పది నిమిషాలన్నది మంచి నియమమే. గుండె రక్తనాళం మూసుకుపోతే నిమిషం నిమిషం కండరం చస్తుంది. చిక్కల్లా నిమిషాలు ఎక్కడ మొదలవుతాయన్నదే. కౌంటర్‌లో అమ్మాయి కంప్యూటర్‌లో 'వచ్చారు' అని నొక్కితే లెక్క మొదలు. నొక్కకపోతే మనిషి రానట్టే. అందుకని, బెడ్డు ఖాళీ లేనప్పుడు నొక్కడం ఆపారు. ఆపమని ఎవరూ కాగితం మీద రాయలేదు. ఇలాంటివి కాగితం మీద రాసేంత అమాయకులు ఆస్పత్రులు నడపరు. "ఆగు ఆయమ్మా, ఇంకా కొట్టలేదు" అనే మాట కౌంటర్ దగ్గర వాడుకలోకి వచ్చింది. స్ట్రెచర్‌ని మంచినీళ్ల మిషన్ పక్కన గోడకి ఆనించడం, మనిషి మూలుగుతుంటే "అయిపోయింది బాబూ, పిలుస్తున్రు" అనడం లచ్చమ్మ పనిలో కలిశాయి. ఆర్నెల్లు అలా ఆగింది. ఆ సంగతి తర్వాత తనే చెప్పుకుంది, ఎవరూ అడక్కుండానే.

టేపు మాత్రం మానలేదు. జ్యోత్స్న ఆ టైమును నర్సుల నోట్సులో చేత్తో ఎక్కించడం మానలేదు.

అది సోమవారం. ఆఫీసులకి వెళ్లే కార్లు రోడ్డంతా మూసేసిన వేళ ఒక తెల్ల క్యాబు ర్యాంపు ఎక్కి ఆగింది. గార్డు చెయ్యి ఊపుతూ వచ్చాడు.

"అన్నా, ఈడ ఆపొద్దు. పేషెంటును దించి తియ్యి."

వెనక సీటులోకి వంగి చూశాడు. ఎవరూ లేరు.

"పేషెంటేడి?"

స్టీరింగ్ మీద తల ఆనించిన డ్రైవరు, "నేనే తమ్మీ" అన్నాడు.

లచ్చమ్మ అప్పటికే తలుపు లాగింది. ఏసీ హోరున నడుస్తోంది. అతని చొక్కా మాత్రం నీళ్లలో ముంచి తీసినట్టుంది. అతని పేరు భాస్కర్, వయసు ముప్పై తొమ్మిది. రాయదుర్గంలో ఒక కంపెనీ ఉద్యోగుల్ని దించి, అటు నుంచి అటే వచ్చాడు.

"అక్కా, ఛాతి మీద బండ వెట్టినట్టున్నది" అన్నాడు. దిగుతూ తాళంచెవి ఆమె చేతిలో పెట్టాడు. "బండి కంపెనీది. జర సైడుకు పెట్టిపియ్యి."

తాళం గార్డు చేతిలో పడింది. భాస్కర్ స్ట్రెచర్ మీద పడ్డాడు. టేపు మీద 9.47 పడింది.

లోపల ఎనిమిది బెడ్లూ నిండి ఉన్నాయి. కౌంటర్ అమ్మాయి తలెత్తకుండానే, "ఆగు ఆయమ్మా, కొట్టట్లేదు" అంది. లచ్చమ్మ మంచినీళ్ల మిషన్ పక్కన ఆగింది. పదిహేను నిమిషాలు గడిచాయి. భాస్కర్ మొదట పిల్లల బడి గురించి ఏదో అన్నాడు. తర్వాత మాట తగ్గించాడు. తర్వాత ఊరుకున్నాడు. లచ్చమ్మ స్ట్రెచర్ వదిలి లోపలికి నడిచింది.

"సిస్టర్, ఈయన మాట్లాడుతలేడు."

జ్యోత్స్న మూర్ఛతో వచ్చిన పిల్లని పట్టుకుని ఉంది. ఆ పిల్లని ఇంకో నర్సుకి అప్పగించి ఈసీజీ మిషన్ కోసం వెళ్లింది. అది మూడో బెడ్డు దగ్గర ఉంది. పులి తేన్పులతో వచ్చిన ఒక సాఫ్ట్‌వేర్ పెద్దాయన, మొదటిసారి తీసినది నచ్చక రెండోసారి తీయించుకుంటున్నాడు. మిషన్ లాక్కుని కారిడార్‌లోకి తెస్తే అది నంబరు అడిగింది. పేషెంటు నంబరు కొట్టకపోతే ఆ మిషన్ గీత గీయదు. నంబరు కావాలంటే కౌంటర్ నొక్కాలి. కౌంటర్ నొక్కాలంటే బెడ్డు కావాలి.

"అమ్మాయ్, కొట్టవే తల్లీ! నేను చెప్తున్నాగా!" అని జ్యోత్స్న అరిచింది.

"మేడమ్, మళ్లీ నన్నే అంటారు మేడమ్..."

అప్పుడే భాస్కర్ కళ్లు పైకి తేలాయి. లచ్చమ్మ మెడ పక్కన వేళ్లు పెట్టి చూసింది. ఏమీ లేదు. స్ట్రెచర్ కింది కమ్మీ మీద కాలు వేసి పైకి లేచి, రెండు చేతులూ ఒకదాని మీద ఒకటి వేసి ఛాతీ నొక్కడం మొదలుపెట్టింది. మాలు తట్టలు మోసిన భుజాలవి, వంచితే వంగవు. "కొడుకా, లే! లే బిడ్డా! ఇంత దూరం బండి నడుపుకుంట వచ్చి ఈడ పంటవా!" అని తిడుతూనే నొక్కింది. పది దాటి ఎనిమిది నిమిషాలైంది. కౌంటర్‌లో అమ్మాయి ఏడుస్తూ మీట నొక్కేసరికి పది తొమ్మిది.

జ్యోత్స్న రెండుసార్లు షాకిచ్చింది. రెండో షాక్‌కి గుండె అందుకుంది. ఆ తర్వాత డాక్టర్లు పరుగెత్తారు, లిఫ్టు ఆపారు, మూసుకున్న నాళం తెరిచారు. పని తెలిసినవాళ్లే. పనిలో లోపం లేదు.

కంప్యూటర్ ఇలా రాసుకుంది: వచ్చిన టైము పది తొమ్మిది. వచ్చేసరికే నాడి లేదు. ఈసీజీ ఆరు నిమిషాల్లో. నీలి బోర్డుకి ఏ నష్టమూ లేదు.

భాస్కర్ బతికాడు. రెండో రోజు కళ్లు తెరిచాడు. కాని ఆదివారం సాయంత్రం తర్వాత ఏం జరిగిందో అతనికి ఒక్క ముక్క గుర్తులేదు. గుండె ఆగి మళ్లీ కొట్టుకున్నవాళ్లకి అలా జరుగుతుందని డాక్టర్లు చెప్పారు. గుండె కండరం చాలా దెబ్బతిన్నదనీ, ఇక బండి నడపడం కుదరదనీ కూడా చెప్పారు. అతని భార్య శ్రీలతకి ఎవరో కోటు వేసుకున్నాయన మెత్తగా వివరించాడు: "తెచ్చేసరికే ఆగిపోయిందమ్మా. కొంచెం ముందొచ్చి ఉంటే..."

బుధవారం పొద్దున అవినాష్ దగ్గర్నుంచి పిలుపొచ్చింది, లచ్చమ్మకీ జ్యోత్స్నకీ.

మెట్లెక్కుతూ జ్యోత్స్న ఆగింది. "లచ్చమ్మగారూ, నా నోట్సుకీ కంప్యూటర్‌కీ పొంతన కుదరట్లేదట. మీచేత సంతకం పెట్టిస్తారనుకుంటా. మీరు పెట్టేస్తే నేనేమీ అనుకోనండి. మీకు ఇల్లుంది."

"నీకు లేదా ఇల్లు?"

"ఉందనుకోండి..."

"ఇంక ఏంది మరి. నడువు."

గదిలో అవినాష్ లేచి నిలబడ్డాడు. "రండి లచ్చమ్మా, కూర్చోండి. టీ చెప్పనా?" అన్నాడు. ఆరేళ్లలో ఆ ఆస్పత్రిలో ఆమెని కూర్చోమన్నది అదే మొదలు. "పెద్దోళ్లు కూసోమన్నరంటె ఏదో ఎసరున్నట్టే. కుర్చీ సూడంగనే నాకు సమజైంది" అని రాత్రి ఐలయ్యతో చెప్పింది.

అవినాష్ చెడ్డవాడు కాదు. మెడలో కార్డు, చేతిలో ట్యాబు, ముఖంలో నిద్రలేమి. బోర్డు మీది అంకె పెరిగితే అతన్ని అడుగుతారు. అతను ఇంకెవరినో అడగాలి. ఆ వరస కిందికి జారి జారి అడగడానికి ఇక ఎవరూ లేని చోట లచ్చమ్మ ఉంది.

"చిన్న విషయం. స్ట్రెచర్ మీద ముందు పేషెంటు టేపు ఉండిపోయింది. తీయడం మర్చిపోయారు. హ్యూమన్ ఎర్రర్, ఎవరికైనా జరుగుతుంది. ఇదిగో, ఒక సంతకం."

కాగితం ఇంగ్లీషులో ఉంది. లచ్చమ్మ ముట్టుకోలేదు. "సిస్టర్ సదివి తెలుగుల చెప్పాలె" అంది.

జ్యోత్స్న చదివింది. "లచ్చమ్మ అనే నేను, పాత పేషెంటు టేపును పొరపాటున తీయలేదు. భాస్కర్ అనే పేషెంటును పది గంటల తొమ్మిది నిమిషాలకు స్పృహ లేని స్థితిలో తీసుకొచ్చారు..."

"ఆగు సిస్టర్." లచ్చమ్మ అవినాష్ వైపు తిరిగింది. "స్పృహ లేకుంట బండి నడుపుకుంట వచ్చిండా సారూ? గంత మంచి డ్రైవరా?"

జ్యోత్స్నకి నవ్వొచ్చింది. ఆపుకోలేక దగ్గింది.

"ఎవరో తీసుకొచ్చి ఉంటారు లచ్చమ్మా."

"ఎవలు? పేరు రాయుండ్రి. ఫోన్ కొట్టి అడుగుదాం."

"చూడండి, టేపు అనేది డాక్యుమెంట్ కాదు."

"పోయినేడు ఐతుండె గద. విల్లాల సారు లొల్లి వెట్టినప్పుడు మీరే ఉరికొచ్చి ఫోటో కొట్టుకున్రు. గప్పుడు డాకుమెంటే ఉండె. గరీబోని దగ్గరికి రాంగనే చిత్తుకాయిదమైందా?"

అవినాష్ పెన్ను మూత తీశాడు, పెట్టాడు. "ఆ టేపు ఇప్పుడు లేదు కూడా. స్ట్రెచర్ కడిగేశారు."

లచ్చమ్మ మెడలోని ఐడీ కార్డుని తిప్పింది. వెనక వైపు, ప్లాస్టిక్ మీద, తెల్ల టేపు ముక్క అంటుకుని ఉంది. 9.47. రెండు రోజులుగా దాన్ని గుండెకానించి మోస్తోంది.

"నేను మరుస్తనని మీకెవరు చెప్పిన్రు?" అంది. ఆమెకి మండింది ఇక్కడే. పొమ్మంటే పోయేది. తప్పు చేశావంటే తిట్టుకుని ఊరుకునేది. ఆరేళ్లు ఒక్కసారి కూడా చేయని పొరపాటు చేశానని తన చేత్తోనే రాసిమ్మంటే ఊరుకోలేకపోయింది. "ఇది గూడ నమ్మకుంటె పార్కింగ్ మిషన్‌ల సూడుండ్రి. గార్డు ఆయన బండిని అటే తీసుకపోయిండు. గా మిషన్ చీటీ ఇస్తది గద. దాని మీద టైముంటది."

ఆ ఆస్పత్రికి బండ్లు ఎప్పుడొచ్చాయో యంత్రం రాస్తుంది. మనుషులు ఎప్పుడొచ్చారో మాత్రం మనుషులు రాస్తారు.

"ఏజెన్సీ వాళ్లు మిమ్మల్ని వేరే చోటికి మారుస్తామంటే నేనేమీ చేయలేను" అన్నాడు అవినాష్ చివరికి. బెదిరింపులా లేదు. అలసటలా ఉంది. "జ్యోత్స్నా, మీ నోట్సు కూడా సరిచేయాలి."

జ్యోత్స్న చేతిలోని కాగితాన్ని బల్ల మీద పెట్టేసింది. "నేను చూసింది రాశానండి. సరిచేయడానికి అందులో తప్పేం లేదండి" అంది. ఒక్క జవాబులో రెండు అండిలు వాడింది. మర్యాదగా కాదనడం అమలాపురం వాళ్ల దగ్గర నేర్చుకోవాలి.

లచ్చమ్మ పెన్ను తీసుకుంది. అవినాష్ ముఖం కాస్త తేరుకుంది. సంతకం చేయాల్సిన గీత మీద ఆమె సుద్దముక్కతో స్తంభం మీద రాసినంత పెద్దగా రాసింది: 9.47.

"ఇగో సారూ. నా సంతకం గిదే."

అక్కణ్నుంచి తిన్నగా మూడో అంతస్తుకి వెళ్లింది. ఐసీయూ బయట కుర్చీల్లో శ్రీలత ఉంది. రాయదుర్గంలో ఒక ఆఫీసులో హౌస్‌కీపింగ్ పని. ఆ డ్యూటీ నీలం చీరే ఇంకా కట్టుకుని ఉంది. పక్కనున్న ముసలామెకి చెబుతోంది: "పొద్దుగాల ఆరింటికే మంట అన్నడు. నేనే గ్యాసని సోడా తాపి డ్యూటీకి పోయిన. నేనే సంపుకుంటుంటి."

లచ్చమ్మ ఎదురుగా నేల మీద గొంతుక్కూర్చుంది. "నీ మొగన్ని దించుకున్నది నేనే."

శ్రీలత ముసలామె వైపు నుంచి ఇటు తిరిగింది.

"తానే బండి నడుపుకుంట వచ్చిండు. 'అక్కా, ఛాతి మీద బండ వెట్టినట్టున్నది' అన్నడు. బండి కంపెనీది, సైడుకు పెట్టమన్నడు. పిల్లల బడి ముచ్చట చెప్పిండు. తొమ్మిది నలభై ఏడు."

"తెచ్చేసరికే గుండె ఆగిందని సారు చెప్పిండు గద."

"సారు లేడు ఆడ. నేనున్న. ఇరవై ఒక్క నిమిషం లోపట గోడకు వెట్టుకొని నిలబడ్డం. గటెన్క ఆగింది."

శ్రీలత లేచి నిలబడింది. "ఇరవై ఒక్క నిమిషం? దవాఖానల? డాక్టర్లుండంగ? నువ్వు సూసుకుంట నిలవడ్డవా?"

"నిలవడ్డ."

"ఎట్ల నిలవడ్డవక్కా!"

"ఆగుమన్నరు, ఆగిన. ఆర్నెల్ల సంది ఆగుతున్న. గది నాది. నేను మోస్త. కొట్టాలంటె కొట్టు."

శ్రీలత కొట్టలేదు. మళ్లీ కుర్చీలో కూలబడింది. "గ్యాసనుకున్ననక్కా" అంది చిన్నగా.

"అనుకున్నవు. నువ్వు డాక్టరువా? సోడా తాపినవు, గంతే. నీది ఎంతనో గంతే మొయ్యి బిడ్డా. వాళ్లది గూడ నీ నెత్తిన వెట్టుకోకు. వాళ్లకు లిఫ్టులున్నయ్, వాళ్లే మోసుకుంటరు."

ఐడీ కార్డు వెనకనుంచి టేపుని గోటితో మెల్లగా లేపి శ్రీలత ఫోను వెనకాల అంటించింది. "బండి తీసుకపోనీకి కంపెనీ వాళ్లొస్తరు. పార్కింగ్ చీటీ గార్డు దగ్గరున్నది, తీస్కో, వాళ్లకియ్యకు. ముందుగాల ఫోటో కొట్టుకో. సిస్టర్ రాసిన కాయిదాల నకలు కావాలని అర్జీ రాయి. ఇయ్యమంటె ఎందుకియ్యరో అడుగు. ఒక్కదానివి పోకు, మీ ఆఫీసోళ్లను ఇద్దర్ని తోలుకపో."

శ్రీలత ఇద్దర్ని కాదు, పదకొండు మందిని తీసుకెళ్లింది. అందరూ హౌస్‌కీపింగ్ ఆడవాళ్లే, అందరూ నీలం చీరల్లోనే, మధ్యాహ్నం తిండి వేళ షేర్ ఆటోల్లో వచ్చారు. రిసెప్షన్‌లోని తెల్ల సోఫాల నిండా కూర్చున్నారు. వాళ్లేమీ అరవలేదు. టిఫిన్ డబ్బాలు విప్పుకుని తిన్నారు. పచ్చిపులుసు వాసన ఏసీలోకి ఎక్కి నాలుగో అంతస్తుదాకా వెళ్లిందట. సాయంత్రానికి నకళ్లు చేతికొచ్చాయి. చీటీ మీద 9.49 ఉంది, నోట్సులో 9.47. వాటితో శ్రీలత పెట్టిన ఫిర్యాదు మీద దర్యాప్తు ఇంకా నడుస్తోంది. ఏమవుతుందో ఎవరికీ తెలీదు. ఐసీయూలో భాస్కర్‌కి మాత్రం భార్య జరిగిందంతా చెప్పింది. "మరి నేను లేట్ చెయ్యలే గద?" అని అతను మూడుసార్లు అడిగాడట.

లచ్చమ్మని తీసేయలేదు. దర్యాప్తు నడుస్తుండగా తీసేస్తే ఎందుకు తీశారని అడుగుతారు. దానికి బదులు సర్క్యులర్ వచ్చింది: స్ట్రెచర్ల మీద టేపులూ చీటీలూ అంటించరాదు. టేపు రోళ్లు అల్మారాలోకి వెళ్లాయి. తాళంచెవి ఇన్‌ఛార్జి నడుముకి వెళ్లింది. మార్కర్లు కూడా.

"ఇగ ఏం జేస్తవ్?" అన్నాడు ఐలయ్య, ఆ రాత్రి అన్నం ముందు.

"గడియారం గుంజుకోలె గద" అంది లచ్చమ్మ.

మర్నాడు పొద్దున ఒక కారు ర్యాంపు ఎక్కింది. కాకినాడ వైపు మాటతీరున్న ఒకాయన తల్లిని దింపాడు. ఆవిడ ఛాతి మీద చెయ్యి వేసుకుని ఉంది. మాట్లాడటం లేదు. లచ్చమ్మ ఆవిడని స్ట్రెచర్ మీదికి చేర్చి తలుపులు దాటించింది. లోపల బెడ్లు నిండి ఉన్నాయి. కౌంటర్ అమ్మాయి ఆమె ముఖంలోకి చూడకుండా అంది: "ఆగు ఆయమ్మా..."

లచ్చమ్మ ఆగింది. గడియారం చూసింది. తలెత్తి, ఒకప్పుడు పదకొండో అంతస్తు మీది మనిషికి కింద నుంచి వినబడేలా పిలిచిన గొంతుతో కేకేసింది:

"తొమ్మిదీ... ఇరవై మూడూ!"

కారిడార్ మొత్తం తిరిగింది. గోడవారన ఉన్న బంధువులంతా అలవాటుగా ఫోన్లు చూసుకున్నారు. అవును, తొమ్మిది ఇరవై మూడే. ఆ కారిడార్‌లో చేతిలో గడియారం లేని మనిషి ఒక్కడూ లేడు. లోపల్నుంచి, కర్టెన్ల వెనకనుంచి, జ్యోత్స్న గొంతు అంతే గట్టిగా వచ్చింది:

"తొమ్మిది ఇరవై మూడండీ! రాసుకున్నా!"

గార్డు తలుపు తోసుకుని వచ్చి ఏమైందన్నట్టు చూశాడు. కౌంటర్ అమ్మాయి చెయ్యి మీట మీద ఒక క్షణం గాలిలో ఆగింది. లచ్చమ్మ ఆమెనే చూస్తూ నిలబడింది. అమ్మాయి నొక్కింది.

పెద్దావిడ కొడుకు కంగారు పడిపోయాడు. "ఏమైందండీ? ఎందుకలా అరిచారు? ఏమైందండీ అమ్మకి?"

"ఏం గాలె సారూ" అంది లచ్చమ్మ, స్ట్రెచర్‌ని లోపలికి తోస్తూ. "మీ అమ్మ వచ్చింది."